రుసిన్లు రష్యన్లు కారు, రష్యా కోసం ఎదురుచూడటమూ లేదు

ఉక్రెయిన్ యుద్ధం మొదలైన దగ్గర్నుంచి గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. ఈ వారం మళ్లీ వచ్చింది, అదీ బాగా చదువుకున్న మిత్రుల నుంచి. “కార్పేథియన్ కొండల్లోని రుసిన్లు అసలు రష్యన్లే, పేరులోనే ఉంది. వాళ్ల భాష 1995లో పుట్టించింది. ఆండీ వార్హోల్ కూడా ఈ రష్యనే. ఉక్రెయిన్ వీళ్లను గుర్తించదు, అందుకే రష్యా వచ్చి విడిపిస్తుందని ఎదురుచూస్తున్నారు.” చదివిన ప్రతిసారీ ఒళ్లు మండుతోంది. రుసిన్లు ఉక్రెయిన్, స్లొవాకియా, పోలండ్ సరిహద్దు కొండల్లో ఉండే ఒక చిన్న స్లావ్ జాతి.

అమెరికన్ చిత్రకారుడు వార్హోల్ తల్లిదండ్రులు ఇప్పటి స్లొవాకియాలోని మికోవా అనే రుసిన్ పల్లె నుంచి అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కు వలస వెళ్లారు. రష్యాతో ఏ సంబంధమూ లేదు.

పేరు సంగతి. కీవ్ కేంద్రంగా వెలిగిన మధ్యయుగపు రాజ్యం రుస్. ఆ పేరు మాస్కో ఒక్కదాని సొత్తు కాదు. ఆస్ట్రియా పాలకులు కార్పేథియన్ కొండలకు ఉత్తరాన ఉన్న గలీసియాలోని నేటి ఉక్రేనియన్ల పూర్వీకులను కూడా, రుస్ పేరుకు లాటిన్ రూపంతో, రుథేనియన్లనే రాసుకున్నారు. అక్కడివాళ్లు క్రమంగా ఉక్రేనియన్ అన్న పేరుకు మారారు. కొండలకు దక్షిణాన, హంగరీ ఏలుబడిలో ఉన్నవాళ్లలో చాలామంది పాత పేరే నిలుపుకున్నారు. రుస్నాక్ అన్నా, పోలండ్ వైపు లెమ్కో అన్నా ఈ కుటుంబమే.

1995లో పుట్టిన భాషట! ఆ ఏడాది జరిగింది స్లొవాకియాలోని రుసిన్‌కు ప్రామాణిక రూపం ప్రకటించడం. అలెగ్జాండర్ దుఖ్నొవిచ్ పల్లె పిల్లల కోసం వాచకం అచ్చువేసింది 1847లో. ఇప్పటి సెర్బియాలోని రుస్కి క్రస్తూర్‌కు 18వ శతాబ్దంలో వలస వెళ్లినవాళ్ల మాటకు గావ్రిల్ కోస్తెల్నిక్ వ్యాకరణం రాసింది 1923లో. ఆ వొయ్వొదినా ప్రాంతంలో రుసిన్ ఈనాడు అధికార భాషల్లో ఒకటి, ఆ ఊళ్లో హైస్కూలు చదువు కూడా అందులోనే. ఉక్రేనియన్‌కు ఇది మాండలికమా, వేరే భాషా అని పండితులు వాదించుకోవచ్చు. అది నిజమైన చర్చ. కానీ ‘పుట్టించారు’ అనడం అబద్ధం.

ఇక ‘విడిపిస్తుందని ఎదురుచూస్తున్నారు’ అన్న మాట. దీన్ని మాత్రం వదిలిపెట్టలేను. 2022లో మన వైద్య విద్యార్థులు చాలామంది హంగరీ సరిహద్దు దాటింది ఈ రుసిన్ల ప్రాంతం, ఉక్రెయిన్ పడమటి అంచునున్న జకర్పాత్యా మీదుగానే. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య అది చెకొస్లొవాకియాలో ఉండేది. 1944లో ఎర్రసైన్యం వచ్చింది, 1945లో సోవియట్ యూనియన్‌లో కలిపేశారు. ఆ తర్వాత కాగితాల్లో రుసిన్ అన్న జాతే లేకుండా పోయింది, అందరినీ ఉక్రేనియన్లని రాసేశారు. వాళ్ల గ్రీక్ క్యాథలిక్ చర్చి (ప్రాచ్య పద్ధతిలో పూజలు చేస్తూ పోప్‌ను అంగీకరించే చర్చి) బిషప్ తియొదోర్ రొంఝాను 1947లో సోవియట్ రహస్య పోలీసులు చంపించారు. 1949లో ఆ చర్చినే రద్దు చేశారు. అదే 1947లో పోలండ్ కమ్యూనిస్టు ప్రభుత్వం ‘విస్తులా’ చర్య పేరుతో లెమ్కోలను, ఉక్రేనియన్లను, దాదాపు 1,40,000 మందిని, ఊళ్లు ఖాళీ చేయించి పడమటి, ఉత్తర జిల్లాలకు చెదరగొట్టింది. చెకొస్లొవాకియాలో రుసిన్ పల్లెల బళ్లను ఉక్రేనియన్ బళ్లుగా మార్చారు. చాలామంది తల్లిదండ్రులు అది ఒప్పుకోక పిల్లల్ని స్లొవాక్ బడుల్లో వేశారు, చివరికి వాళ్ల ఇళ్లలోంచే భాష జారిపోయింది. ఈ జాతి పేరు చెరిపేసింది మాస్కో ఏలుబడి, దాని అండతో నడిచిన ప్రభుత్వాలు. ఆ మాస్కోనే విముక్తిదాత అని వాట్సాప్‌లో రాయడానికి చేతులెలా వచ్చాయి? ఫార్వర్డ్ నొక్కే ముందు రొంఝా పేరైనా వెతికి చూడరా?

మెసేజ్‌లో ఒక్క ముక్క నిజం, అది చెప్పాల్సిందే. కీవ్‌లోని ఉక్రెయిన్ ప్రభుత్వం నిజంగానే వీళ్లకు న్యాయం చేయలేదు. 2001 జనగణనలో పది వేల పైచిలుకు మంది రుసిన్లమని చెప్పుకుంటే, వాళ్లను ఉక్రేనియన్లలో ఒక ఉపవర్గంగానే లెక్కగట్టారు. 2007లో జకర్పాత్యా ప్రాంతీయ మండలి రుసిన్లను వేరే జాతిగా గుర్తించింది, కీవ్ ఆ దారిన నడవలేదు. పందొమ్మిదో శతాబ్దంలో రష్యన్‌లో రాస్తూ రష్యా వైపు చూసిన రుసిన్ మేధావులు ఉన్న మాటా నిజమే. జకర్పాత్యాలో ఎక్కువమంది ఈనాడు తమను ఉక్రేనియన్లమనే చెప్పుకుంటారు, వాళ్ల మాట కూడా మనం వినాలి.

స్లొవాకియాలో 2021 జనగణనలో మొదటి, రెండో జాతీయతలు కలిపి 63,000 మందికి పైగా రుసిన్ అని రాయించుకున్నారు. అడిగిన గడిలో ఎవరి పేరు వాళ్లే రాసుకున్నారు. అక్కడికి ఏ సైన్యమూ రాలేదు.