అది రికార్డింగు లోపం కాదు, బివా జీర
1962 నాటి జపాన్ సినిమా 'హరాకిరి'లో తీగ మోగినప్పుడల్లా వినిపించే 'జర్ర్' మోత పాత ప్రింటు లోపమని ఆ సినిమా మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. కాదు. అది బివా అనే జపాన్ తీగవాద్యానిది, సంగీత దర్శకుడు తోరు తకెమిత్సు కోరి పెట్టుకున్నది. ఆ జీరను జపనీయులు 'సవారి' అంటారు. బివాల్లో సత్సుమా బివా అనే రకానికి మెట్లు ఎత్తుగా ఉంటాయి, వాటి పైభాగం వెడల్పు. మీటిన పట్టుతీగ ఆ చదునుకి పదేపదే రాసుకుంటూ అదురుతుంది, జీర అక్కడే పుడుతుంది. మన తంబురాలో తీగ కింద నూలుపోగు జరిపి జీవా అనే ఝంకారం తెప్పిస్తామే, దాదాపు అదే కిటుకు. కాకపోతే తంబురాలో పోగు జరిపితే చాలు; బివాలో మెట్టు పైభాగాన్నే చెక్కి సరిచేయాలి. వాయించగా వాయించగా తీగ అక్కడ గాడి చేస్తుంది, అప్పుడు జీర చచ్చిపోతుంది, మళ్ళీ చెక్కాల్సిందే. ఇక మధ్యమధ్య వచ్చే 'టప్' చప్పుడు డోలుది కాదు. విసనకర్రలాంటి పెద్ద మీటుడుచెక్క, దాన్ని 'బచి' అంటారు, తీగతోపాటు వాద్యం పొట్టకీ తగిలే దెబ్బ అది. ఈ వాద్యాన్ని షామిసెన్ అనే మరో జపాన్ తీగవాద్యం అనుకునేవాళ్ళూ ఉన్నారు. షామిసెన్‌కి మెట్లే ఉండవు, పొట్టకి తోలు బిగిస్తారు, అందుకే మోత పొడిగా తెగిపోతుంది. ఫోను స్పీకర్లో ఇవేవీ తేలవు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, 'నాయిస్ రిడక్షన్' లాంటి ఆడియో సెట్టింగులు ఆపేసి వినండి. అవి ఈ జీరను కూడా చెత్త కింద ఊడ్చేయగలవు.