రాజమండ్రి వెళ్లాలా, కొబ్బరితోటలో కూర్చోవాలా?

మనసు బాగోలేనివారు వైద్యుణ్ణి నేరుగా కలవడం మేలా, ఫోనులో వీడియో పెట్టుకుని మాట్లాడడం మేలా అన్నది పట్నవాసులకు వైద్యానికి సంబంధించిన ప్రశ్నగా కనబడవచ్చు గాని, కోనసీమలో అది బస్సులకు, గోడల మందానికి, చుట్టరికాలకు సంబంధించిన ప్రశ్న. ఉద్యోగ విరమణ చేసిన మరుసటి నెల నుంచి ఆరు నెలలపాటు నిద్ర పట్టక, తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుని, ఎప్పుడో తీర్చేసిన అప్పులకు కూడా మళ్లీ వడ్డీ కట్టి చూసుకున్న అనుభవంతో, రెండు పద్ధతులనూ నా మీదే పరీక్షించి, ఈ నివేదికను ప్రజల ముందు పెడుతున్నాను.

అసలు మనకు ఇటువంటి జబ్బులు ఉంటాయా అన్న సందేహాన్ని ముందుగా తీర్చాలి. బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్యసంస్థ నిమ్హాన్స్ 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపి, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మంది రోగులకు వైద్యం అందడం లేదని తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మా బావగారి దృష్టిలో ఇది లోపమేమీ కాదు. మనవాళ్లకు ఉండేవి పైత్యం, దిష్టి, గ్రహచారం, 'కాస్త ఎక్కువ ఆలోచించడం' మాత్రమే కనుక, సర్వేవాళ్లు వచ్చినా ఖాళీ కాగితాలతోనే తిరిగి వెళ్లేవారని ఆయన అభిప్రాయం.

నేరుగా కలిసే పద్ధతిని మొదట అవలంబించాను. అంబాజీపేట దగ్గరున్న మా ఊరి నుంచి రావులపాలెంలో బస్సు మారి, జొన్నాడ వంతెన మీద గౌతమి దాటి రాజమండ్రి చేరడానికి రెండు గంటల పైచిలుకు పడుతుంది. ప్రయాణం కష్టం కాదు, దానికి కారణం చెప్పడం కష్టం. మా ఊరి సెంటరులో బస్సు కోసం నిలబడ్డ మనిషిని 'ఎక్కడికండి?' అని అడగకుండా దాటిపోవడం అమర్యాద, 'రాజమండ్రి' అని చెప్పి ఊరుకోవడం అంతకంటే పెద్ద అమర్యాద. అందుచేత మొదటిసారి కళ్లు చూపించుకోవడానికని చెప్పాను. రెండోసారి పళ్లు. మూడోసారి మోకాళ్లు, నాలుగోసారి చెవులు. ఐదోసారికి పైపై అవయవాలన్నీ అయిపోవడంతో కిడ్నీల దగ్గరకు రావలసి వచ్చింది. ఆరోసారి గత్యంతరం లేక గుండె అని చెప్పి బస్సెక్కాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి మా వీధి అరుగు మీద తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. ఇద్దరు బత్తాయిలు తెచ్చారు. ఒకాయన నా చేతిని రెండు చేతులతో పట్టుకుని మాట రాక ఊరుకున్నారు. దూరపు బంధువొకాయన పొలం కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయని మా ఆవిడను మెల్లగా వాకబు చేశారు. నిద్ర పట్టడం లేదన్న ఒక్క మాటను దాచబోయి, నిలువెల్లా కుళ్లిపోయిన మనిషిగా పేరు తెచ్చుకున్నాను. అయినా ఇందులో నాకు తలవంపులేమీ కలగలేదని గమనించాలి, గుండె చెడిపోవడం మా ఊళ్లో గౌరవప్రదమైన విషయమే.

నేరుగా కలవడంలో మేలు లేకపోలేదు. మొదటి రోజున నేను ఎంతో నిబ్బరంగా మాట్లాడుతూ ఉండగా, నా కుడికాలు ఆగకుండా ఊగుతోందని డాక్టరు గారు చూసి అడిగారు. నడుము పైభాగమే కనిపించే ఫోనులో అయితే ఆ కాలు ఎన్నాళ్లయినా నిరాటంకంగా ఊగేది. దిగులు, ఆందోళన వంటివాటికి వీడియో ద్వారా ఇచ్చే చికిత్స నేరుగా ఇచ్చేదానికి ఇంచుమించు సరితూగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రాణం తీసుకోవాలనిపిస్తున్నప్పుడు, లేని మాటలు వినబడుతున్నప్పుడు మాత్రం మనిషి మనిషికి ఎదురుగా ఉండాలి. ఈ ఒక్క వాక్యాన్ని పాఠకులు వ్యంగ్యం కింద జమ కట్టవద్దు.

గోప్యత మాటకొస్తే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షను కింద రోగి సంగతులు బయటపెట్టకుండా ఉండవలసిన బాధ్యత వైద్యుల మీద ఉంది. ఎదురింటి పిన్నిగారి మీద లేదు. చట్టం చేసినవారు పార్లమెంటులో ఎంత చర్చించారో గాని, గోదావరి జిల్లాల అరుగులను మాత్రం దృష్టిలో పెట్టుకోలేదు.

గుండె సంఘటన తరువాత డాక్టరు గారే జాలిపడి, మిగిలిన సంప్రదింపులు వీడియోలో కానిద్దామన్నారు. దీనికీ నియమాలున్నాయి. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగి పేరు చెప్పకుండా వైద్యం పొందడం కుదరదు, మత్తుమందుల చట్టం పరిధిలోకి వచ్చే మాత్రలను తెర మీద చూసి రాయకూడదు. ఆ సంవత్సరమే మా పక్క వీధి మందుల షాపు కుర్రాడు అటువంటి నిద్రమాత్రను ఏ చీటీ అడగకుండా, తెర కూడా అవసరం లేకుండా, 'మీకెందుకండి, అర ముక్క వేసుకోండి' అని మా బావగారికి ఇచ్చాడు. నియమాలు పాటించేవారికే నిద్ర ఆలస్యమవుతుందని అప్పుడర్థమైంది.

ఇంట్లో కూర్చుని మాట్లాడడానికి మాది మా తాతగారు కట్టించిన మండువా లోగిలి. అందులో గాలి, వెలుతురు, మాట మూడూ ధారాళంగా ప్రసరిస్తాయి. పడమటి గదిలో గొంతు తగ్గించి చెప్పుకున్న బాధకు వంటింట్లోంచి 'ఆయ్, మరేనండి' అని పనిమనిషి ఊకొట్టగా, ఫోను పట్టుకుని కాలువ గట్టు దాటి మా కొబ్బరితోటలోకి వెళ్లాను. సిగ్నలు నిండుగా ఉంది, నరసంచారం లేదు. మూడో వరుసలో ఎండుమట్ట మీద కూర్చుని డాక్టరు గారికి అన్నీ చెప్పాను. రాత్రి ఎన్నింటికి పడుకునేదీ, ఎన్నింటికి మెలకువ వచ్చేదీ ఆయన వివరంగా అడిగి, పగటిపూట ఏమైనా పడుకుంటున్నారా అన్నారు. లేదన్నాను.

"అదేంటండి మాస్టారండీ, అన్నం తినేసి అరుగు మీద నాలుగింటిదాకా పడుకుంటారు కదండి?" అని ఆకాశం పలికింది.

తలెత్తి చూస్తే చెట్టెక్కి కొబ్బరికాయల దింపు తీసే కుర్రాడు కాళ్లకు బందంతో, నడుముకు కత్తితో, నా నెత్తిన గెల పక్కన ఉన్నాడు. ఆ చెట్టుకు ఆ రోజే దింపు అన్న సంగతి నాకు తెలియదు. నేను సిగ్గుతో ఫోను మూసేయబోతే, డాక్టరు గారు వద్దని వారించి, పైనున్నాయన్ను కాఫీ సంగతి కూడా చెప్పమన్నారు. అతను రాత్రి తొమ్మిదింటికి మా ఇంట్లో వెలిగే స్టవ్వు గురించి చెప్పాడు. ఆనాటి సంప్రదింపులో మిగిలిన భాగమంతా వాళ్లిద్దరి మధ్యనే నడిచింది, నేను ఫోను పైకెత్తి పట్టుకున్నాను. ఆరుసార్లు రాజమండ్రి వెళ్లి నేను చెప్పనిది అక్కడ తేలింది. పగటి నిద్ర మానేశాక రాత్రి నిద్ర కొంత దారికి వచ్చిందని కూడా ఒప్పుకోవాలి.

డాక్టరు గారు సెలవు తీసుకుంటూ, అర్ధరాత్రి మరీ ఇబ్బందిగా ఉంటే మనసు బాధలు చెప్పుకునే ఫోను సేవ టెలీ మానస్‌కు చేయమని గుర్తు చేశారు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన ఈ సేవకు పైసా ఖర్చు లేదు, రాత్రింబవళ్లు పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోను జేబులో పెట్టుకుని లేస్తూ ఉంటే పై నుంచి మళ్లీ పిలుపు వచ్చింది.

"ఆ నంబరు ఓపాలి చెప్పండి మాస్టారండీ."

ఎవరికని అడిగాను. జవాబు రాలేదు. రాలిన కాయలు ఏరే ఆడవాళ్లు అటుపక్క వరుసలోకి అప్పుడే వస్తున్నారు.

"కాస్త నెమ్మదిగా చెప్పండి, ఆళ్లకి ఇనబడద్ది."

తాటిచెట్టంత ఎత్తున ఉన్న మనిషికి నంబరు నెమ్మదిగా చెప్పే పద్ధతి ఏ మార్గదర్శకాల్లోనూ లేదు. మట్ట ముక్క ఒకటి తీసుకుని, అంత ఎత్తుకూ కనబడేలా, ఒండ్రుమట్టి మీద బారెడేసి అంకెలు గీశాను. 14416. అతను చూసి తలూపేదాకా ఆగి, కాలితో చెరిపేశాను.