ఏసీపీ షీట్లు వేయించి నేను పడుతున్న బాధ

ఇంటి ముందు ఎలివేషన్‌కి ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్లు వేయించా, ఇప్పుడు చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. మెటలే కదా గట్టిగా ఉంటుంది అనుకున్నా గానీ 4 మిల్లీమీటర్ల షీటులో అల్యూమినియం అటూ ఇటూ అర మిల్లీమీటరో ఇంకా తక్కువో, మధ్యలో అంతా ప్లాస్టిక్కే. రంగు అప్పుడే వెలిసిపోయింది, ఏంటని బిగించినతన్ని అడిగితే ఇది లోపల వాడే పాలిస్టర్ కోటింగ్ అండి, బయటికైతే ఎండావానలకి తట్టుకునే పీవీడీఎఫ్ కోటింగ్ ఉండాలి అంటున్నాడు, ఆ ముక్క బిగించకముందే చెప్పాలి కదా! గీతలు పడకుండా షీటు పైన అంటించి ఉండే ఫిల్మ్ కూడా పని అవ్వగానే పీకకుండా వదిలేశారు, ఎండకి జిగురు అతుక్కుపోయి ఎంత గీకినా రావట్లేదు. వేడిలో 50 డిగ్రీల తేడా వస్తే షీటు మీటరుకి 1 మిల్లీమీటర్ పైనే సాగుతుంది, గ్యాప్ లేకుండా బిగిస్తే ఉబ్బక ఏం చేస్తుంది చెప్పండి.

ఇవన్నీ ఒక ఎత్తు, నిప్పు భయం ఒక ఎత్తు. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయారు, మంట అంత వేగంగా పాకడానికి ముఖ్య కారణం పాలిథిలిన్ కోర్ (మధ్యలో ఉండే ప్లాస్టిక్) ఉన్న ఇలాంటి ప్యానెళ్లే అని ఎంక్వైరీలో తేలింది. మా పిల్లల గది కిటికీ చుట్టూ ఉన్నదీ అదే కోర్. మంట త్వరగా అంటుకోని ఫైర్ రిటార్డెంట్ రకం ఒకటి ఉందని అప్పుడు ఒక్కరూ చెప్పలేదు, ఇప్పుడు మొత్తం పీకించేస్తున్నా.