ముఖ్య అతిథి ఉన్నంతకాలం కళకు ఢోకా లేదు

మన హస్తకళలు అంతరించిపోతున్నాయని ఏడ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లలో ఒక్కరు కూడా హనుమకొండలో సభలకు వెళ్లరని నా గట్టి నమ్మకం. వెళ్తే ఆ మాట అనరు. ఇక్కడ సాయంత్రమైతే చాలు, ఏదో ఒక ఫంక్షన్ హాల్లో ఒక వేదిక, వేదిక మీద ఒక ముఖ్య అతిథి, ఆయన చేతిలో ఒక మెమెంటో. స్వతంత్ర భారతంలో కళలకు జరిగిన అతిపెద్ద మేలు పంచవర్ష ప్రణాళికల వల్ల జరిగిందని కొందరు రాశారు. పొరపాటు. సన్మానాల వల్ల జరిగింది. ఈ విషయం మీద ఇప్పటిదాకా ఎవరూ పీహెచ్‌డీ చేయకపోవడం మన విశ్వవిద్యాలయాలకే నామర్దా.

పెంబర్తినే తీసుకోండి. జనగామ పక్కన, హైదరాబాద్ రోడ్డు మీద ఉన్న ఇత్తడి పనివాళ్ల ఊరు. కాకతీయుల కాలంలో అక్కడి విశ్వకర్మలు గుళ్లకూ రథాలకూ లోహపు తొడుగులు చేశారు. కాకతీయులు పోయారు, చాలాకాలం పని పడిపోయింది. నిజాం జమానాలో మళ్లీ చేతినిండా పని దొరికింది. పాన్‌దాన్లు, అత్తరు దానీలు, పూలకుండీలు చేశారు. దేవుడికి చేసిన చేత్తోనే నవాబుగారి తమలపాకులకు పెట్టె చేశారు. 1948 తర్వాత నవాబులూ పోయారు. ఇక ఈ ఇత్తడిని ఎవరు కొంటారని ఊరంతా దిగులుపడే వేళ, చరిత్ర తన పని తాను చేసుకుపోయింది. ముఖ్య అతిథి పుట్టాడు. రాజుకు కీర్తి మీద ఆశ ఉండాలి, నవాబుకు పాన్ అలవాటు ఉండాలి. ముఖ్య అతిథికి అవేవీ అక్కర్లేదు. ఖాళీ చేతులతో పంపిస్తే నొచ్చుకునే గుణం ఉంటే చాలు.

మెమెంటో అంటే తేలిగ్గా చూడకండి. ఇత్తడి రేకును లక్క మీద అతికిస్తారు. దాని మీద బొమ్మ గీసుకుని, వెనకవైపు నుంచి సన్నటి ఉలితో, చిన్న సుత్తితో టక్ టక్‌మని కొట్టుకుంటూ పోతారు. ముందువైపు బొమ్మ మెల్లగా ఉబ్బుతూ వస్తుంది. కొట్టేకొద్దీ రేకు బిరుసెక్కుతుంది, అప్పుడు తీసి నిప్పుల మీద కాల్చి మెత్తబరచాలి, మళ్లీ లక్కకు అతికించాలి. ఒక దెబ్బ ఎక్కువ పడితే రేకు చిరుగుతుంది, తక్కువ పడితే నంది మూతి చదునుగా ఉండిపోతుంది. ఇంత చేసి తయారైన కాకతీయ తోరణం వేదిక మీద బతికేది ఫొటోగ్రాఫర్ ‘సార్, ఇటు ఒకసారి’ అనేంతసేపు. తర్వాత పీఏ చేతికి, అక్కడి నుంచి కారు డిక్కీలోకి, డిక్కీలోంచి అద్దాల అల్మారాలోకి. అక్కడ ఇప్పటికే ఇరవై తోరణాలుంటాయి. ఒకదాని వెనక ఒకటి, ఓరుగల్లు కోటకు కూడా అన్ని తోరణాలు లేవు. నెల తిరిగేసరికి రంగు మారుతుంది. ఇత్తడి కదా, చింతపండు పెట్టి తోమాలి. తోమే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ ఉండదు. ‘ఈ సామాను ఎక్కడ పెట్టాలండీ’ అని వాళ్లావిడ అడిగితే ఆయన ‘మన సంస్కృతి’ అంటాడు.

ఇక సభలో ఉపన్యాసాలు. మొదటి పది నిమిషాలు బ్రిటిష్‌వాళ్లకు కేటాయించడం ఆనవాయితీ. మనది నిజాం రాజ్యం, తెల్లదొర ఇక్కడ నేరుగా ఏలలేదు కదా అని అడ్డు చెప్పకండి, బాగుండదు. పైగా వాళ్లు నిజంగానే తక్కువవాళ్లేం కాదు. ఓరుగల్లు తివాచీని 1851లో లండన్ ప్రదర్శనలో పెట్టి ఆహా ఓహో అన్నారు. మరోపక్క తమ ఏలుబడిలోని జైళ్లలో ఖైదీలతో తివాచీలు నేయించి, చౌకగా అమ్మి, బయట మగ్గం మీద బతికేవాడి పొట్ట కొట్టారు. ఒక చేత్తో మెడల్, ఇంకో చేత్తో పొట్టమీద దెబ్బ. వలస పాలన పోయాక మనం ఎన్నో కళలను చేజేతులా పోగొట్టుకున్నామని అంటారు గానీ, ఈ ఒక్క కళను మాత్రం ఎక్కడా చెక్కుచెదరకుండా కాపాడుకున్నాం. దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కోసం దరఖాస్తు చేయాలని నా సూచన.

గుర్తింపు అంటే గుర్తొచ్చింది. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలకు 2018లో ఆ గుర్తింపు వచ్చింది. అదే మన షత్రంజీ, పెళ్లిళ్లలో ఊరందరినీ కూర్చోబెట్టింది. దాన్ని బతికించాలని జరిగే ఏ సభకైనా వెళ్లి చూడండి. ప్లాస్టిక్ కుర్చీలు, వాటికి తెల్లగుడ్డ తొడుగులు, వెనక ఎర్ర రిబ్బను. వాటిలో చేరగిలబడి, ఒకప్పుడు అందరం కింద షత్రంజీ మీద కూర్చునేవాళ్లమని వక్త చెబుతుంటే సభ కళ్లు తుడుచుకుంటుంది. కిందకి దిగి కూర్చునేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు, మోకాళ్ల నొప్పులు. 1985లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కొన్ని రకాలను చేనేత మగ్గం మీదే నేయాలి, పవర్‌లూమ్ మీద నేయకూడదు. మొదట 22 రకాలు పెట్టి, తర్వాత 11కు కుదించారు. కుదించాక కూడా జంపఖానా అందులో ఉంది. అంటే దాన్ని ఎవరు నేయాలో చట్టం స్పష్టంగా చెప్పింది. దాని మీద ఎవరు కూర్చోవాలో చెప్పడం మరిచిపోయింది.

పటాల బొమ్మలకు పేరుపడ్డ చేర్యాల సంగతి ఇంకా ఆనందదాయకం. పాతకాలంలో పటం అంటే మూరల కొద్దీ గుడ్డ. గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించి, దాని మీద ఎర్రటి నేల వేసి, నకాషీలనే చిత్రకారులు ఒక కులపురాణం మొత్తం గీసేవాళ్లు. ఆ పటం పట్టుకుని కూనపులివాళ్లు పద్మశాలీలకు, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు, గౌడజెట్టివాళ్లు గౌడులకు, డక్కలివాళ్లు మాదిగలకు కథ చెప్పేవాళ్లు. ఒక్కో కథ రాత్రుళ్ల తరబడి సాగేది. ఎంత టైమ్ వేస్ట్! మన పునరుద్ధరణ నిపుణులు ఆ లోపాన్ని పసిగట్టి సరిదిద్దారు. ఇప్పుడు ఒక కల్లుకుండ, ఒక తాటిచెట్టు, ఒక ఆడమనిషి ముఖం. ఇవి కీచైన్ మీద సరిపోతాయి. కథ వినే ఓపిక అందరికీ ఉండకపోవచ్చు, తాళంచెవి మాత్రం అందరికీ ఉంటుంది. అయినా ఒక చిక్కు మిగిలే ఉందట. ఆ ఎర్ర రంగు కొంచెం తగ్గించండి, సోఫాకు మ్యాచ్ కావట్లేదు అని నగరం నుంచి వచ్చే డిజైనర్లు సలహా ఇస్తుంటారు. సోఫా రంగు మార్చమని అడగడానికి పాపం నకాషీకి ఏ శిక్షణా ఇవ్వలేదు.

పైన ఢిల్లీలో కూడా శ్రద్ధకు లోటు లేదు. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు పెట్టి స్వాతంత్ర్య సమరయోధురాలు కమలాదేవి చటోపాధ్యాయ చేతిలో పెట్టారు. ఆమె ఊరూరూ తిరిగి కళాకారులను వెతికి పట్టుకున్నారు. ఆ పద్ధతిలో ఖర్చు ఎక్కువ, ఫొటోలు తక్కువ. 2020లో జూలై చివర చేనేత బోర్డును, ఆగస్టు మొదట్లో ఈ హస్తకళల బోర్డును ఎత్తేశారు. వెంటనే ఆగస్టు 7 వచ్చింది. 1905 నాటి స్వదేశీ ఉద్యమాన్ని తలచుకుంటూ 2015 నుంచి జరుపుకుంటున్న జాతీయ చేనేత దినోత్సవం. శుభాకాంక్షలకు బోర్డు అవసరం లేదని ఆ వారంలోనే రుజువైంది. 2017లో జీఎస్టీ వచ్చి చేనేత మీద 5 శాతం పడింది గదా అని కొందరు సణుగుతారు. తెల్లదొర వేస్తే అది దోపిడీ. మనవాళ్లు వేస్తే సంస్కరణ. ఈ తేడా తెలియకే సగం అశాంతి.

సభ అయ్యాక బయట స్టాళ్లుంటాయి. అసలు పునరుద్ధరణ జరిగేది అక్కడే. ‘కళాకారులు మార్కెటింగ్ నేర్చుకోవాలి, రీల్స్ చేయాలి’ అని ఇప్పుడే మైకులో చెప్పి దిగిన పెద్దమనిషి ఒక చిన్న ఇత్తడి దీపం చేతిలోకి తీసుకుంటాడు.

‘గింత చిన్నదానికి గంత రేటా?’

‘రేకు రేటే మస్తు పెరిగింది సార్. మూడు రోజుల పని అది.’

‘మెషిన్ది ఇండ్ల సగానికే వస్తది కదనే. మనూరోళ్లమే, సూసి చెప్పు.’

చూసి చెప్పినా కొనడు. ఎందుకు కొనాలి? ఇందాకే ఒకటి ఉచితంగా ఇచ్చారు, ఎల్లుండి ఇంకో సభ ఉంది. మన హస్తకళల మార్కెట్టుకు ఇదొక్కటే చిన్న సమస్య. కళను ప్రేమించేవాళ్లందరికీ అది సన్మానంలో దొరుకుతోంది. సన్మానం దొరకని మామూలు మనిషికేమో ఆ ధర అందదు. మధ్యలో మిగిలింది నిర్వాహకుడు. ఆయన బిల్లు వచ్చే ఆర్థిక సంవత్సరంలో క్లియర్ చేస్తాడు. ‘యువత ఈ వృత్తిలోకి రావడం లేదు’ అని వక్తలు ఎందుకంత ఆశ్చర్యపోతారో నాకు అర్థం కాదు. కుర్రాడు నాన్న పక్కన కూర్చుని సుత్తి దెబ్బలే కాదు, ఆ బిల్లు కోసం నాన్న చేసే ఫోన్లు కూడా విన్నాడు.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి. కళాకారులకు పింఛన్లు, ముడిసరుకు మీద రాయితీ, సకాలంలో చెల్లింపులు లాంటి పాతకాలపు ఆలోచనలు కట్టిపెట్టి, సభల సంఖ్య పెంచండి. ఒక కల్వర్టుకు ఇప్పుడు ఒక్క ప్రారంభోత్సవమే జరుగుతోంది. శంకుస్థాపనకు ఒకటి, పునఃశంకుస్థాపనకు ఒకటి, వానకు కొట్టుకుపోతే పరామర్శకు ఒకటి చొప్పున పెట్టుకుంటే ఒక్క కల్వర్టు మీద పెంబర్తిలో మూడు పొయ్యిలు వెలుగుతాయి. ముఖ్య అతిథితో పాటు విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అనే పదవులు సృష్టించిన ఆహ్వానపత్రాల రచయితలు ఈ దిశలో ఇప్పటికే చేసిన సేవ మరువలేనిది. వేదిక మీద కుర్చీలు పట్టకపోతే, కొందరిని షత్రంజీ మీద కూర్చోబెట్టొచ్చు. దెబ్బకు కొత్తవాడ కూడా కోలుకుంటుంది.

అయితే ఒక ప్రమాదం ముంచుకొస్తోంది. ఫ్లెక్సీ షాపుల్లో అక్రిలిక్ మెమెంటోలు వచ్చాయి. లేజర్‌తో కోసి, తోరణం బొమ్మ మీద బంగారు రంగు పూసి, పొద్దున చెబితే సాయంత్రానికి ఇస్తున్నారు. బరువుండదు, చిలుము పట్టదు, చింతపండు అక్కర్లేదు. హస్తకళల మీద పెట్టిన సభల్లో కూడా ఇవే పంచుతున్నారు. అంటే నవాబులు పోయినా తట్టుకున్న కళకు ఇప్పుడు ముఖ్య అతిథి కూడా దూరమవుతున్నాడు. దీన్ని అడ్డుకోవాలంటే ఇత్తడి మెమెంటో ధర తగ్గాలి. ధర తగ్గాలంటే రేకు చౌకగా రావాలి. ఆ రేకు ఎక్కడుందో మనందరికీ తెలుసు.

అద్దాల అల్మారాలన్నీ ఒక్కసారి ఖాళీ చేయించి, ఆ తోరణాలను తూకానికి తీసుకుని, చింతపండుతో తోమించి మళ్లీ పెంబర్తికి పంపాలి. అక్కడ మెరుగు పెట్టి తిరిగి వేదికలకు ఇవ్వొచ్చు. కింద చెక్కిన పేర్లు చెరిపే పని కూడా పెట్టుకోనక్కర్లేదు. ముఖ్య అతిథులు ఎలాగూ వాళ్లే.