బ్లాక్ రివర్ ఫాల్స్‌కు పిచ్చి పట్టలేదు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో బ్లాక్ రివర్ ఫాల్స్ అనే చిన్న నగరం ఉంది. 1890లలో అక్కడి జనాభా రెండు వేలకు అటూ ఇటూ. ఆ ఊరి పాత ఫొటోలు కొన్ని, వాటితో పాటు ఒక కథ, ఏళ్లుగా ఫోన్లలో తిరుగుతున్నాయి. ఆ కథ ప్రకారం 1890లలో ఆ ఊరు ఊరంతా మతి తప్పింది. హత్యలు, ఆత్మహత్యలు, ఇళ్లకు నిప్పు పెట్టడాలు నిత్యకృత్యమయ్యాయి. నమ్మకపోతే ఫొటోలు చూడమంటుంది: ఒక్క ముఖంలో నవ్వు లేదు, కళ్లలో జీవం లేదు, శవాలను ఇనుప స్టాండ్లకు ఆనించి నిలబెట్టారు, చనిపోయిన పసిపిల్లలకు ఫొటోలు తీయించుకుని దాచుకున్నారు. చదివినప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటుంది. ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పాలి.

ముందు హత్యల సంగతి. ఈ కథకు మూలం 1973లో మైకేల్ లెసీ ప్రచురించిన 'విస్కాన్సిన్ డెత్ ట్రిప్' అనే పుస్తకం. 1885 నుంచి 1900 వరకు స్థానిక వారపత్రికలో వచ్చిన వార్తల తునకలను ఆయన ఆ ఊరి ఫొటోల పక్కన పేర్చాడు. ఆ పత్రిక తన ఊరి కబుర్లతో పాటు రాష్ట్రమంతటి వార్తలూ వేసేది. పుస్తకంలో కూడా చాలా తునకల పక్కన అవి రాష్ట్ర వార్తలని గుర్తు ఉంది. 1890లో విస్కాన్సిన్ జనాభా దాదాపు 17 లక్షలు. పదిహేనేళ్లలో అంతమందికి జరిగిన ఘోరాలను ఏరి రెండు వేల మంది ఊరికి అంటగడితే ఏ ఊరైనా పిచ్చాసుపత్రిలాగే కనిపిస్తుంది. ఆ కాలం సుఖంగా గడిచిందని నేను అనడం లేదు. 1893లో బ్యాంకులు కూలాయి, పనులు పోయాయి, పైన్ అడవులు తరిగిపోతూ కలప వ్యాపారం చేజారింది. అది పేదరికం, దుఃఖం. దాన్ని పిచ్చి అనడం అన్యాయం.

ఇక ఫొటోలు. వీటిని తీసినవాడు చార్లెస్ వాన్ షైక్, ఊళ్లో స్టూడియో నడిపిన మామూలు ఫొటోగ్రాఫరు. దశాబ్దాల పాటు ఆయన తీసిన గాజు నెగటివ్‌లు సుమారు 30,000 మిగిలాయి. వాటిలోంచి మూడు వేలు వేరుచేస్తే, పుస్తకంలోకి ఎక్కినవి రెండు వందలలోపు. అంటే వందకు ఒకటి కూడా కాదు. పైగా లెసీ వాటిని ఉన్నవి ఉన్నట్టు వేయలేదు. కొన్నిటిలో కళ్లను మాత్రం కత్తిరించి పెద్దవి చేశాడు, కొన్నిటిని వాటి అద్దపు ప్రతిబింబంతోనే జతపరిచాడు. ఆయనకు దాపరికం లేదు. తీసిన నాడు ఆ ఫొటోలను ఎవరూ అసాధారణంగా భావించలేదని ముందుమాటలోనే రాశాడు. ఫోన్లలో తిరిగే కథలో ఆ వాక్యం మాయమైంది.

'జీవం లేని కళ్లు' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమందిని నమ్మిస్తున్నది అదే. ఆనాటి మామూలు గాజు పలకల మీది పూత నీలం వెలుతురుకు బాగా స్పందించేది, ఎరుపుకు దాదాపు స్పందించేదే కాదు. అందుకే ఫొటోలో నీలం తెల్లబడేది, ఎరుపు నల్లబడేది. అన్ని రంగులనూ పట్టుకునే పలకలు మార్కెట్‌లోకి వచ్చింది 1906 ప్రాంతంలో. బ్లాక్ రివర్ ఫాల్స్‌లో నార్వే, జర్మనీల నుంచి వలస వచ్చిన కుటుంబాలు చాలా ఉండేవి. వారి లేత నీలికళ్లు ఆ పలక మీద సున్నం కొట్టినట్టు పాలిపోయి, మధ్యలో నల్లచుక్క మాత్రం మిగిలేది. పొలంలో ఎండకు కందిన చెంపలు మసిబారినట్టు పడేవి. ఆ చూపు వారి మనసులోది కాదు, రసాయనంలోది.

నవ్వు విషయంలో ఆ ఊరిని వెనకేసుకొచ్చేవారు కూడా పొరబడుతున్నారు. నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి కాబట్టి నవ్వలేదంటారు. అది 1839లో డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతి పుట్టిన నాటి మాట. 1880 నుంచి బజారులో దొరికిన డ్రై ప్లేట్లతో, అంటే ముందే పూత పూసి ఆరబెట్టిన గాజు పలకలతో, స్టూడియో వెలుతురులో ఒకటి రెండు సెకన్లు చాలు, ఆరుబయట అంత కూడా అక్కర్లేదు. నవ్వకపోవడం మర్యాద. మంచి బట్టలు కట్టుకుని, డబ్బిచ్చి, రాబోయే తరాలకు మిగిలే ఫొటో దిగుతున్నప్పుడు గంభీరంగా ఉండాలనుకునేవారు. అదే కాలంలో సికింద్రాబాద్‌లో రాజా దీన్ దయాళ్ స్టూడియోలో దిగిన నవాబులూ నవ్వలేదు. హైదరాబాద్‌కు మతి పోయిందని ఎవరూ అనలేదు కదా! నవ్వు ఫొటోల్లోకి మెల్లగా వచ్చింది. 1900లో ఒక్క డాలరుకు బ్రౌనీ కెమెరా దొరికాక, ఇంట్లోవాళ్లే ఇంట్లోవాళ్లను తీయడం మొదలయ్యాక పెరిగింది.

స్టాండ్ల గురించి రెండు ముక్కలు చాలు. అది తల అటూ ఇటూ ఊగకుండా మెడ వెనక ఆనించే పట్టు. నిలబడగలిగిన మనిషి కోసం చేసినది, శవం బరువు మోయలేదు. ఫొటోలో పాదాల వెనక స్టాండు అడుగుభాగం కనిపించిందంటే ఆ మనిషి బతికున్నాడనే అర్థం. చనిపోయినవారికి ఫొటో తీస్తే మంచం మీదో, శవపేటికలోనో, పసిబిడ్డయితే తల్లి ఒడిలోనో ఉంచి తీసేవారు.

ఆ పసిబిడ్డల మాట రాసినవారిని మాత్రం క్షమించలేకపోతున్నాను. అది డిఫ్తీరియా కాలం. గొంతులో పొర కట్టి, ఊపిరాడక, ఒకే ఇంట్లో రోజుల తేడాతో ఇద్దరు ముగ్గురు పిల్లలు పోయేవారు. దానికి విరుగుడు సీరం వాడుకలోకి వచ్చింది 1894 తర్వాతే. బిడ్డ బతికుండగా ఫొటో తీయించే వీలు అందరికీ దొరకలేదు. ఆ తల్లికి బిడ్డ ముఖం మిగిలిన చోటు అదొక్కటే.

ఆ కథలో అసలు కనిపించనివారు హో-చంక్ జాతి ప్రజలు, ఆ ప్రాంతపు ఆదివాసులు. ప్రభుత్వం వారిని విస్కాన్సిన్ నుంచి పదేపదే వెళ్లగొట్టింది, పదేపదే వారు నడిచి తిరిగొచ్చారు. పూసల దండలు వేసుకుని, పిల్లలను వెంటబెట్టుకుని అదే స్టూడియోకు వెళ్లి ఫొటోలు దిగారు. ఆ నెగటివ్‌లు ఇప్పుడు విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. 2011లో వాటితో ఒక పుస్తకం వచ్చింది. ఈసారి ముఖాల పక్కన వార్తల తునకలు లేవు. ఆ జాతివారు పెద్దలను అడిగి, చుట్టరికాలు కలిపి చూసుకుని గుర్తించిన పేర్లు ఉన్నాయి.