కడుపులో ఉండగానే మొదలయ్యే షుగర్

హైదరాబాద్‌లో ఏ బస్తీకి వెళ్లినా పొద్దున ఏడు గంటలకే రక్తపరీక్షల ల్యాబ్ ముందు జనం కనిపిస్తారు. పరగడుపున రక్తం ఇచ్చి, మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీ డబ్బా మూత తీస్తారు. తిన్న రెండు గంటలకు మళ్లీ సూది. ఆ బెంచీ మీద ఇప్పుడు పెద్దవాళ్ల పక్కనే, మెడలో ఆఫీసు ఐడీ కార్డుతో ముప్ఫై ఏళ్లవాళ్లూ కూర్చుంటున్నారు. రిపోర్టు రాగానే ఇంట్లో వినిపించే మాట ఒకటే: ‘స్వీట్లు తగ్గించమంటే విన్నావా?’

తప్పంతా రోగిదేనన్న ఈ నమ్మకం సగం నిజమే. మిగతా సగం చెప్పే పరిశోధన మన ఊరి పక్కనే జరిగింది. దానికి రావలసినంత గుర్తింపు రాలేదన్నదే మా బాధ.

1987-90 మధ్య హైదరాబాద్ సమీపంలోని 29 పల్లెల్లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయాతో చేసిన ఉప్మా రోజూ అందుబాటులో ఉంచారు. మిగతా ఊళ్లలో అది లేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్లవాళ్లయ్యాక పరిశోధకులు మళ్లీ వెళ్లారు. ఉప్మా పెట్టిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. అంతకంటే ముఖ్యమైనది, ఇన్సులిన్ నిరోధకత వాళ్లలో 20 శాతం తక్కువగా ఉంది. రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ ఒంట్లో ఉన్నా కణాలు దాన్ని లెక్కచేయకపోవడమే ఈ నిరోధకత. ఎక్కువమందికి వచ్చే రకమైన టైప్ 2 షుగర్‌కు దారి వేసేది అదే. 2008లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం చూసిందీ దీనికి దగ్గరి విషయమే: తక్కువ బరువుతో పుట్టే మన శిశువుల్లో కండ తగ్గుతుంది కానీ కొవ్వు అంతగా తగ్గదు. అలా పుట్టిన ఒంటికి పెద్దయ్యాక మూడు పూటలా తెల్లన్నం, రోజంతా కుర్చీ తోడైతే ఏమవుతుందో ఆ బెంచీలే చెబుతున్నాయి. 2023లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది, బార్డర్‌లో ఉన్నవాళ్లు మరో 13.6 కోట్లు.

చికిత్సలోనూ పరాయి లెక్కలు మనకు అతకడం లేదు. తిండి, వ్యాయామం మార్చుకుంటే షుగర్ వచ్చే ముప్పు అమెరికా అధ్యయనంలో 58 శాతం తగ్గితే, 2006లో చెన్నై పరిశోధకులు ప్రకటించిన ఫలితంలో తగ్గింది 28.5 శాతమే. బ్రిటన్‌లో బరువు తగ్గేందుకు కఠినమైన డైట్‌లో చేర్చినవారిలో 46 శాతం మందికి ఏడాదికల్లా మందుల అవసరం లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. కానీ వాళ్లంతా అధిక బరువున్నవాళ్లు, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు. సన్నగా ఉండి షుగర్ తెచ్చుకున్న మన ఆటో డ్రైవర్‌కు ఏది పనిచేస్తుందో ఇక్కడే తేల్చాలి. (ఇది చదివి ఎవరూ డాక్టర్‌ను అడక్కుండా గోళీలు మానెయ్యొద్దని మనవి.)

కొత్త మందుల పరిశోధనకు కంపెనీలు డబ్బు పెడతాయి. గర్భిణి భోజనంపై పరిశోధనకు ప్రభుత్వమే పెట్టాలి. తెలంగాణ అంగన్‌వాడీల్లో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. మంచి పథకం. అది తిన్న తల్లుల పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ ఉండాలి. అందుకు కావలసిన శాస్త్రవేత్తలు తార్నాకలోనే ఉన్నారు.

రేపటి నుంచే చేయగలిగిన పని మరొకటుంది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన స్త్రీకి తర్వాత టైప్ 2 వచ్చే ముప్పు మిగతావారికంటే ఏడు రెట్ల దాకా ఎక్కువ. కాన్పయ్యాక ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆమెకు మళ్లీ పరీక్ష చేయాలి. కానీ చంటిబిడ్డ పనిలో పడి తన సంగతి మరిచిపోతుంది, ఇంట్లోనూ ఎవరూ గుర్తుచేయరు. ఆరో వారంలో టీకా కోసం బిడ్డను ఎత్తుకుని ఆమె ఎలాగూ ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. ‘రేపు పరగడుపున రా అమ్మా’ అని ముందురోజే ఆశా కార్యకర్త చెబితే, బిడ్డకు టీకా పడే పూటే తల్లికీ పరీక్ష అయిపోతుంది. ఆరోగ్య శాఖ ఈ మేరకు వెంటనే ఆదేశాలివ్వాలి.