సిల్క్ బోర్డు సాయంత్రం, ఎర్రంచు చీర

ఈమధ్య బెంగళూరులో చీరల డిజైన్ బాధ్యత కొండలూ గుట్టలే చూసుకుంటున్నాయి. మన పిల్లలు శనివారం తెల్లారకముందే నంది హిల్స్ ఎక్కి సూర్యోదయం ఫొటో తీస్తారు. శాచురేషన్ పెంచగలిగినంత పెంచుతారు. ఆకాశం పెళ్లి షామియానాలా తయారయ్యాక ఆ ఫొటో వాట్సాప్‌లో ధర్మవరం వెళ్తుంది: "అచ్చం ఇదే రంగు కావాలి మాస్టరుగారూ!"

రంగులద్దే మాస్టరు పట్టుపోగు తెచ్చి ఫోన్ పక్కన పెట్టి చూశాడు. వేలితో తెర మీద ఇటూ అటూ లాగాడు. "బ్రైట్‌నెస్ తగ్గిస్తే రంగు మారతాంది కదమ్మా. ఇందులో ఏది అద్దేది చెప్పు" అన్నాడు. ఇంత సూటి ప్రశ్న డిజైన్ కాలేజీలో ఎవరూ వేసి ఉండరు. తెర తనే వెలుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి 1,67,77,216 రంగులు చూపిస్తానంటుంది. దారం పాపం పడిన వెలుతురులో కొంత మింగి, మిగిలింది మనకిస్తుంది. ట్యూబ్‌లైటు కింద ఒకలా, ఎండలో ఇంకోలా. పైగా నీలం పడుగులో (నిలువు దారాల్లో) ఆకుపచ్చ పేక (అడ్డదారం) పడితే నెమలికంఠం. కట్టుకున్నావిడ కదిలితే ఆ రంగూ కదులుతుంది. కొండ మీద పొద్దు చేసేదీ అదే. ఫొటోకి తప్ప అందరికీ తెలుసు.

అయినా నా అభ్యంతరం అది కాదు. అంత దూరం ఎందుకని! బెళ్లందూరు చెరువు లేదా? తెల్లటి నురగ, 2015లో ఆ నురగకే నిప్పు. మీగడరంగు పడుగు, నారింజ పేక. జరీ ఖర్చు కూడా కలిసొస్తుంది.

ఇక అసలు సిసలు పట్టు దృశ్యం సిల్క్ బోర్డు జంక్షన్. 1948 చట్టంతో పుట్టి, దేశంలో పట్టు వ్యవహారాలు చూసే సెంట్రల్ సిల్క్ బోర్డు ఆఫీసు అక్కడే ఉంది. మారతహళ్లి పీజీల్లో మనవాళ్లకి మాత్రం ఆ పేరు వింటే ట్రాఫిక్ టెన్షనే. సాయంత్రం ఏడింటికి అక్కడ ఫొటో తీయండి, ఫిల్టర్ అక్కర్లేదు. బ్రేక్‌లైట్ల ఎరుపు ఎంతసేపటికీ కదలదు. పొద్దు అయితే ఐదు నిమిషాలు ఆగదు. పొగరంగు పడుగు, ఎర్రంచు, ఒంటినిండా డెలివరీ కుర్రాళ్ల చొక్కాల రంగులో బుటాలు. కొంగు సంగతి మాస్టరు అడిగితే, అక్కడిదాకా ఇంకా బండి కదల్లేదని చెప్పండి.